‘టీ బాగుంది’ అనకుండా టీ గురించి చెప్పడం ఎలా?

రాజమండ్రి నుంచి హైదరాబాదు వచ్చిన కొత్తలో ఆఫీసు స్నేహితుడొకడు అడిగాడు: "పొద్దున లేస్తే మా ఊరి టీ, మా ఊరి టీ అని జపం చేస్తవ్. అసలెట్లుంటదిరా?"

నేను తడుముకోకుండా "సూపరుంటుంది" అన్నాను.

"పోయిన వారం పులస గురించి గూడ గిదే మాట అన్నవ్" అన్నాడు వాడు, బిస్కెట్టు ముంచుకుంటూ.

ఆ దెబ్బకి నా నోరు పడిపోయింది. పదిహేనేళ్ళుగా తాగుతున్న టీ. కళ్ళు మూసుకుంటే గ్లాసు అంచు పెదవికి తగిలినట్టుంటుంది. తీరా చెప్పమంటే నా దగ్గరున్నది ఒకే ఒక్క మాట, అదీ పులసకి వాడేసిన ఎంగిలి మాట! ఆ రాత్రి కూర్చుని ఆ టీ గురించి నాలుగు వాక్యాలు రాద్దామని చూస్తే రెండు గంటలు పట్టింది. అలా పడిన తిప్పల్లోంచి తేలిన పద్ధతే ఇది. మీకూ ఒక టీ ఉండే ఉంటుంది. దాని గురించి స్నేహితుడికి చెప్పాలన్నా, ఫోన్లో నలుగురికి రాసి పెట్టాలన్నా పనికొస్తుంది. కావలసినవి: ఒక కాగితం, ఒక పెన్ను, ఆ టీ. వంటగదిలోదైనా సరే, వీధి చివరిదైనా సరే.

మొదట: ఒక్క గ్లాసుకి దిగండి

"నాకు అల్లం టీ ఇష్టం" అని మొదలుపెడితే కథ అక్కడే చప్పబడిపోతుంది. అల్లం టీ అనేది ఒక జాతి. మీరు జాతి గురించి రాయకండి, మనిషి గురించి రాయండి. ఎవరు పెట్టింది, ఎక్కడ, ఎన్ని గంటలకి, దేన్లో పోసి ఇచ్చింది? ఈ నాలుగింటికీ జవాబు కాగితం మీద పెట్టండి.

నాది ఇలా వచ్చింది: గోదావరి స్టేషను బయట టీ బంకు, పొద్దున్న ఆరు, బాబాయ్ పెట్టింది, గాజు గ్లాసు. అంతే. బాబాయ్ పేరు నాకు ఇప్పటికీ తెలీదు. పదిహేనేళ్ళలో అడగాల్సిన అవసరం రాలేదు.

పేరు విషయంలోనూ ఇక్కడే తేల్చుకోండి. మీరు ‘టీ’ మనిషా, ‘చాయ్’ మనిషా? రెండూ చైనా మాటలే. ఓడల మీద డచ్చి వర్తకులతో పడమటికి వెళ్ళిన ఉచ్చారణ ‘టీ’ అయింది. నేల దారిలో పారశీకం మీదుగా వచ్చింది ‘చాయ్’ అయింది. కోస్తాలో పెరిగినవాడు టీ అంటే, తెలంగాణలో పెరిగినవాడు చాయ్ అంటాడు. మీ నోట్లో ఏది తిరుగుతుందో అదే రాయండి. ‘తేనీరు’ జోలికి మాత్రం వెళ్ళకండి. మంచి మాటే. చదవగానే తేనె గుర్తొస్తుంది కూడా. కానీ అది పత్రికల్లో గవర్నరుగారు ఇచ్చే తేనీటి విందుకే పరిమితమైపోయింది. బంకు ముందు నిలబడి "బాబాయ్, ఒక తేనీరు" అని చూడండి, బాబాయ్ మీకు ఒంట్లో బాగోలేదేమో అనుకుంటాడు.

రాసే ముందు తాగండి, మూడు గుక్కలు

మనం టీ తాగుతూ ఫోను చూస్తాం, పేపరు చదువుతాం, రాజకీయం మాట్లాడతాం. టీని మాత్రం చూడం. ఈ ఒక్కసారికి ఫోను జేబులో పెట్టండి.

మొదటి గుక్కలో రుచి వెతకొద్దు. వేడి ఎక్కడెక్కడ తగిలిందో మాత్రం గమనించండి: పెదవిమీదా, నాలుక కొసనా, గొంతులోనా, గుండెల దాకా దిగిందా? రెండో గుక్క కాస్త ఆగి తీసుకోండి. చురుక్కుమనడం తగ్గాక తీపీ వగరూ వాటంతటవే ముందుకొస్తాయి. మూడోది మింగాక గ్లాసు కింద పెట్టి, లోపల పది లెక్కపెట్టండి. మింగేశాక నోట్లో ఏం మిగిలింది? అసలు సంగతి ఎక్కువగా అక్కడే ఉంటుంది.

జుర్రుతూ తాగడానికి మొహమాటపడకండి. టీ రుచి చూడటమే ఉద్యోగమైన వాళ్ళు చెంచాతో తీసుకుని, గది మారుమోగేలా జుర్రుతారు. టీ గాలితో కలిసి నోరంతా చిమ్మితేనే రుచి, వాసన కలిసి తెలుస్తాయి. ఆ తర్వాత మింగకుండా ఉమ్మేస్తారనుకోండి, ఆ భాగం మనకి వద్దు. రుచి పోల్చడానికి టీ ఎలా కాచాలో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. 1980లో వచ్చింది: వంద మిల్లీలీటర్ల నీళ్ళకి రెండు గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. బాబాయ్‌కి ఈ సంగతి చెప్తే "ఆరు నిమిషాలా? ఈలోపు పాసింజరెళ్ళిపోద్ది" అన్నాడు.

నాలుకకి పేర్లు పెట్టండి

ఇక్కడ ఎక్కువసేపు ఆగండి. తెలుగువాడికి ఇది పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఉగాది పచ్చడి తిన్న ప్రతి పిల్లాడికీ ఆరు రుచులూ వరసగా వచ్చు: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఈ ఆరింటిలో మీ టీ ఎక్కడెక్కడ నిలబడుతుందో చూడండి.

టీకి వెన్నెముక వగరు. మనలో చాలామంది దాన్ని చేదు అనేస్తారు. రెండూ వేరు. కాకరకాయ చేదు, వక్క వగరు. చేదు నాలుకకి తెలిసే రుచి. వగరు నోటిని పట్టేసే గుణం: చెంపల లోపల చర్మం ముడుచుకున్నట్టు, నాలుక మీద ఎవరో సన్నటి గుడ్డ పరిచినట్టు ఉంటుంది. పచ్చి అరటికాయ కొరికినా, నేరేడు పళ్ళు తిన్నా జరిగేది అదే. టీ ఆకులో ఉండే టానిన్ల లాంటి పదార్థాలు మన ఉమ్మిలోని మాంసకృత్తులకి అంటుకుని నోటిలో జారుడు తగ్గించేస్తాయి, అందుకే ఆ పట్టు. పాలు పోస్తే ఆ పదార్థాలు పాలలోని మాంసకృత్తులకి అంటుకుంటాయి, మన నోటిని కొంత వదిలేస్తాయి. పాలు పోయగానే టీ మెత్తబడిందని అంటామే, ఆ మాట వెనక ఉన్నది ఇదే. ఇది తెలిశాక "టీ స్ట్రాంగుగా ఉంది" అని రాయబుద్ధి కాదు. "పాలు ఎంత బుజ్జగించినా చివర్లో వగరు ఒక్కసారి చెంప గిల్లి వెళ్తుంది" అని రాయబుద్ధేస్తుంది.

మన బంకుల్లో వాడేది ఎక్కువగా డస్టు టీ. 1930లలో అస్సాంలో మొదలైన యంత్ర పద్ధతిలో ఆకుని నలిపి, చీల్చి, గింజల్లా చుడతారు. అందులో మరీ సన్నంగా దిగేదే డస్టు. రేణువు ఎంత చిన్నదైతే నీళ్ళలోకి రంగూ వగరూ అంత తొందరగా దిగిపోతాయి. డార్జిలింగు ఆకు టీ తాగేవాళ్ళు దాన్లో ద్రాక్ష వాసన, పువ్వు వాసన వెతుక్కుంటారు. మన టీలో వాటిని వెతికితే దొరకవు, దొరికినట్టు నటించకండి. మన టీకి మన మాటలు చాలా ఉన్నాయి.

నా కాగితం మీద నేను పోగేసుకున్నవి కొన్ని: చిక్కన, పలచన, కమ్మన, చప్పన, చిరుచేదు, ఘాటు, మీగడ వాసన, పచ్చి వాసన, పొగచూరిన వాసన, అడుగంటిన వాసన. మరిగి మరిగి ముదిరిపోతే కషాయం. నీళ్ళెక్కువైతే కుడితి నీళ్ళు. ఇంతకంటే కచ్చితమైన తిట్టు ఇంకే భాషలో ఉంటుందో నాకు తెలీదు. ఘాటుని కారం అనకండి. మిరపకాయ నాలుక మీద మండుతుంది. అల్లం గొంతులో మొదలై ముక్కులోకి ఎక్కుతుంది, నషాళానికి అంటుతుంది. ఏ దారిన ఎక్కిందో చెప్తే చదివేవాడికి తుమ్మొస్తుంది.

కొన్ని మాటల్ని ఈ పని అయ్యేవరకు గూట్లో పెట్టండి: సూపర్, అదుర్స్, కేక, అద్భుతం, అమోఘం, మాటల్లో చెప్పలేను. చివరిది మరీ ముఖ్యం. చెప్పలేకపోతే మరి రాయడం దేనికి?

చెవి ఏం విందో రాయండి

తెలుగులో శబ్దానికి శబ్దంతోనే బొమ్మ కట్టేయొచ్చు. అందుకే మీ టీని ఒకసారి కళ్ళు మూసుకుని వినండి.

నీళ్ళు సలసల కాగుతాయి. పొడి పడ్డాక మాట మారుతుంది, కుతకుత ఉడుకుతాయి. పాలు బుసబుస పొంగుతాయి. అల్లం రోట్లో ‘టక్కు టక్కు’మని మొదలై, నలిగాక ‘చప్పు చప్పు’ మంటుంది. ఈ తేడా ఇంట్లో ఒకసారి దంచి చూడండి, నీరు దిగగానే శబ్దం మెత్తబడుతుంది. గుడ్డ సంచీలోంచి వడకట్టేటప్పుడు టీ జరజర జారుతుంది, ఎత్తునుంచి తిరగబోసేటప్పుడు సర్రున దిగుతుంది. గ్లాసులు ఒకదాన్నొకటి ఒరుసుకుని గలగలలాడతాయి. మనిషి మాత్రం ‘సుర్రు’మంటాడు.

ఇవన్నీ ఒకే పేరాలో కుక్కితే పిల్లల పాటలా తయారవుతుంది. నాలుగు పంక్తులకి ఒకటి చాలు. నేనైతే వీటిలో ఒక్కటే ఉంచుకుని, మిగతా చోటంతా బయటి శబ్దానికి ఇచ్చాను. మా బంకు పక్కనే వంతెన. రైలు వంతెన మీద ఉన్నంతసేపు బంకులో ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా వినబడదు. అందరూ ఆ దడదడ అయ్యేదాకా గ్లాసు పట్టుకుని ఊరుకుంటారు. ఆ నిశ్శబ్దంలోనే టీ బాగా తెలుస్తుందని నా అనుమానం.

రంగు, వాసన

రంగుకి బ్రౌను అనకండి. ఇటుక, కొత్త మట్టికుండ, ముదురు బెల్లం పాకం, తోమని రాగిచెంబు, ఇన్ని ఉన్నాయి. నాకు దొరికింది ఆషాఢంలో గోదావరికి కొత్తగా ఎర్రనీళ్ళు వచ్చినప్పటి రంగు. మా ఊరివాళ్ళకి వెంటనే వెలిగింది. హైదరాబాదు స్నేహితుడికి వెలగలేదు. చదివేది ఎవరో చూసుకుని రంగు ఎంచుకోండి.

వాసనకి ఒకటే చిట్కా: టీ వాసన ఒక్కదాన్నే రాయకండి, దాని పక్కన ఏ వాసన ఉందో అది కలపండి. మా బంకుకైతే తడిసిన జనపనార సంచీ, పక్క బండి మీది మిర్చిబజ్జీ నూనె.

ఎలా చేస్తారో నిలబడి చూడండి

ఆట మాటలు ఎన్ని ఆడినా, పని తప్పు రాస్తే వంట తెలిసినవాళ్ళు మొదటి పంక్తిలోనే పట్టేస్తారు. నేను మొదటిసారి రాసినప్పుడు "మరుగుతున్న పాలలో పచ్చి అల్లం దంచి వేసి" అని రాశాను. మా అమ్మకి చదివి వినిపిస్తే, "ఎప్పుడైనా అలా పెట్టి చూశావా? విరిగి ఊరుకుంటాయి" అంది. నిజమే. పచ్చి అల్లంలో పాలని విరగ్గొట్టే గుణం ఉన్న ఎంజైమొకటి ఉంది. ముందు నీళ్ళలో వేసి బాగా మరిగిస్తే దాని ఆట కట్టు. అందుకే బాబాయ్ నీళ్ళు, అల్లం, పొడి మరిగాకే పాలు పోస్తాడు. ఎందుకని అడిగితే "మా నాన్న అలాగే పోసేవాడు" అంటాడు.

ఇరానీ చాయ్ మీద రాస్తున్నారనుకోండి, ఆ పని పూర్తిగా వేరు. అక్కడ డికాషన్ ఒక పాత్రలో మూతేసి సన్న సెగ మీద మగ్గుతుంది, పాలు వేరే పాత్రలో మరిగి మరిగి చిక్కబడతాయి. రెండూ కలిసేది కప్పులోనే. అది తెలిస్తే మీకు "పెళ్ళిపీటల మీదే మొదటిసారి చూసుకున్న దంపతులు" అన్న పోలిక దానంతటదే దొరుకుతుంది. మా అల్లం టీకి ఆ పోలిక నప్పదు. దాన్లో అందరూ ఒకే గిన్నెలో ఉమ్మడి కుటుంబం.

పోలిక కోసం ఎక్కువ దూరం వెళ్ళకండి

‘అమృతంలా ఉంది’ అంటాం. తాగినవాళ్ళెవరు? రాయడం మొదలెట్టిన వాళ్ళు ఆకాశం వైపు చూస్తారు. మీరు గట్టు మీద చూడండి, వంటింట్లో చూడండి, చుట్టాల్లో చూడండి. పోలిక పెట్టిన వస్తువుని చదివేవాడు ఒక్కసారైనా చేత్తో ముట్టుకుని ఉండాలి. అది ఒక్క గుణంలో సరిగ్గా అతకాలి. ఒక వాక్యంలో రెండు పోలికలు పెడితే రెండూ పోతాయి.

నేను పది రాసి ఎనిమిది కొట్టేశాను. కొట్టేసిన వాటిలో కొన్ని చూడండి. "తల్లి ఒడిలాంటి వెచ్చదనం": ఎవరైనా రాసేదే. "వెన్నెలలాంటి నురగ": పొద్దున్న ఆరింటికి వెన్నెలేంటి? "అగ్నిపర్వతంలా పొంగిన పాలు": నేను అగ్నిపర్వతాన్ని చూడలేదు, బాబాయ్ అసలే చూడలేదు.

మిగిలిన రెండు ఇవి. ఘాటుకి: "తుమ్ము రాబోయి ఆగినట్టు." గ్లాసు అడుగున కరక్కుండా మిగిలిన పంచదారకి: "నెలాఖర్లో పాత చొక్కా జేబులో దొరికిన వంద నోటులా." రెండోది రాసినప్పుడు నాకు నేనే నవ్వుకున్నాను. రాస్తూ మీకు నవ్వు రాకపోతే చదివేవాళ్ళకీ రాదు.

ఆ టీ మీకు ఏమవుతుంది?

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు. మన దగ్గర ఊళ్ళో ప్రతివాళ్ళకీ ఏదో వరస ఉంటుంది, పాలవాడు కూడా బాబాయో అన్నయ్యో అవుతాడు. టీకి మాత్రం ఎందుకు ఉండకూడదు? మీ టీ ఇంటికొచ్చిన చుట్టమైతే ఏ వరస అవుతుందో ఆలోచించండి. సరైన వరస దొరికితే సగం వర్ణన ముగిసినట్టే.

అల్లం టీ మేనత్త. గుమ్మంలోకి వస్తూనే చెవి మెలిపెడుతుంది, "చిక్కిపోయావేంట్రా" అని కసురుతుంది, వెళ్ళేటప్పుడు ఎవరూ చూడకుండా చేతిలో నోటు కుక్కుతుంది. ముందు ఘాటు, చివర తీపి, వరస అచ్చంగా సరిపోయింది.

ఇరానీ చాయ్ పెళ్ళికొచ్చిన పెదనాన్న. పట్టు లాల్చీ, నెమ్మది మాట, ఆయన కూర్చున్న చోటికి అందరూ రావాలిగానీ ఆయన లేవడు. పక్కన ఉస్మానియా బిస్కెట్టు ఆయన చేతిసంచీ పట్టుకున్న మనవడు.

నిమ్మకాయ పిండిన సులేమానీ లెక్కల మాస్టారు. పాలూ లేదు, ముసుగూ లేదు, ఉన్నదున్నట్టు మొహం మీదే చెప్తాడు.

గ్రీన్ టీ ఇన్సూరెన్సు ఏజెంటు. మాట్లాడేదంతా మన మంచికే. అయినా ఎప్పుడు లేస్తాడా అని గడియారం చూస్తుంటాం.

ఆఫీసు మెషిను టీ పై వాటాలో అద్దెకున్నాయన. ఏళ్ళ తరబడి రోజూ మెట్ల మీద ఎదురవుతాడు, పేరు మాత్రం తెలీదు.

వరస కుదిరాక ఆ వేషం అంత తేలిగ్గా వదిలిపెట్టకండి. మేనత్త అన్నారంటే చివరిదాకా మేనత్తే. మధ్యలో మహారాణిని చేసి, ఆఖర్లో అమ్మవారిని చేస్తే చదివేవాడు చుట్టరికం కలుపుకోలేడు.

తిడుతూ పొగడండి

మన పాత కవులు దేవుణ్ణి కూడా వదల్లేదు. తిట్టినట్టే తిట్టి పొగిడారు. దానికి నిందాస్తుతి అని పేరు. టీకి ఇది కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోతుంది. తిన్నగా పొగిడితే చదివేవాళ్ళు ప్రకటన అనుకుంటారు. ఫిర్యాదు చేస్తే మాత్రం చెవి ఒగ్గుతారు.

మీ టీ వల్ల మీకు జరిగిన నష్టాల జాబితా రాయండి. నిజమైనవే రాయండి. నా జాబితా:

"ఈ టీ నన్ను ముంచింది. దీని మూలంగా పాసింజరు మూడుసార్లు తప్పిపోయింది. మూడోసారి రైలు కళ్ళముందే కదిలింది, నేను గ్లాసు కింద పెట్టలేదు. ఇంట్లో పెట్టిన టీకి ‘ఇందులో ఏదో తక్కువైంది’ అని ఒకే ఒక్కసారి అన్నాను. తక్కువైంది టీలో కాదు, మర్నాడు నా పళ్ళెంలో. నాలుక కొస కాలిన రోజులకి లెక్కలేదు, ఆరేదాకా ఆగమని చెప్పేవాళ్ళు లేక కాదు. కూర్చోవడానికి బల్ల ఉండదు, ఈగలకి మాత్రం ఉంటుంది. ఈ బంకు అక్కడ లేకపోతే నేను ఇప్పటికి ఎంతో బాగుపడి ఉండేవాణ్ణి."

ఇందులో టీ బాగుందన్న మాట ఒక్కచోటా లేదు. ఈగల సంగతి కూడా దాచలేదు. లోపం ఒకటి ఒప్పుకుంటే మిగతా మాటల మీద నమ్మకం కుదురుతుంది.

సరదా ఉంటే ఒక పద్యం

ఇది అందరికీ కాదు. పద్యం అంటే భయమున్నవాళ్ళు దాటేయొచ్చు. కానీ ఆటవెలది నిజంగా ఆడుకోవడానికే ఉన్నట్టుంటుంది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. (గణమంటే అక్షరాల చిన్న గుంపు.) ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి కుదరాలి, అంటే పాదం మొదటి అక్షరంతో అది శబ్దంలో జత కలవాలి. ప్రాస పట్టింపు లేదు. ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు నేను కట్టింది:

అల్లమింత దంచి యందులో వేయగా
పాలు పొంగి పొరలి పరుగులిడగ
గ్లాసు చేతనున్న కాలమే నిలుచురా
చాయి కన్న వేరె సౌఖ్యమేది

టీ మనిషినైన నేను నాలుగో పాదంలో చాయి దగ్గరికి ఎందుకు దిగానో పద్యం కట్టినవాళ్ళకి అర్థమవుతుంది. ‘టీ’కి యతి దొరక్క చచ్చాను. ‘చా’కి ‘సౌ’ చక్కగా అతికింది. ఛందస్సు కోసం పార్టీ మారినవాణ్ణి నేనొక్కణ్ణే కాదులెండి.

పద్యం కుదరకపోతే పొడుపుకథ కట్టండి, అది ఇంకా తేలిక. "నీళ్ళలో పుట్టింది, పాలలో పెరిగింది, గాజు మేడలో కూర్చుంది, సుర్రుమంటే చచ్చింది." పిల్లల ముందు వేయండి, జవాబు చెప్పేలోపు మీ టీ చల్లారుతుంది.

ఇప్పుడు అన్నీ కలిపి, సగం తీసేయండి

కాగితం మీద ఇప్పటికి చాలా పోగై ఉంటుంది. అన్నీ వాడితే సంతర్పణ అవుతుంది. ఒక వరస, ఒక శబ్దం, ఒకటో రెండో పోలికలు, ఒక లోపం, వేళ, చోటు. ఇంతవరకే ఉంచుకోండి. తర్వాత పైకి చదవండి. గుక్క తిప్పుకోలేకపోతే అక్కడ వాక్యం విరవండి. చదువుతుంటే మీకే సిగ్గేసిన చోట గీత కొట్టండి.

నాది చివరికి ఇలా తేలింది:

"గోదావరి స్టేషను బయట ఆరింటికి ఇంకా చీకటి పూర్తిగా విడదు. బాబాయ్ రోట్లో అల్లం టక్కుటక్కుమని దంచి, మరిగే నీళ్ళలో వేసి, పొడి వేసి, అది ఇటుక రంగుకి తిరిగాక పాలు పోస్తాడు. పొంగుతుంది, దించుతాడు. మళ్ళీ పెడతాడు, మళ్ళీ పొంగుతుంది. ఆ రెండో పొంగు దాకా ఎవ్వరికీ ఇవ్వడు, కలెక్టరొచ్చినా ఇవ్వడు. గ్లాసు అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకోవాలి, మూడో వేలికి చోటూ లేదు, ధైర్యమూ ఉండదు. మొదటి గుక్క మేనత్తే: చెవి మెలిపెట్టి నిలబెడుతుంది, తుమ్ము రాబోయి ఆగుతుంది. ఈలోపు వంతెన మీదికి రైలొస్తుంది. దడదడలో మాటలాగిపోతాయి. ఆ కాసేపట్లో ఘాటు కిందికి దిగి, పాల కమ్మదనం వచ్చి, దాని వెనకాలే వగరు చెంప లోపల చిన్నగా గిల్లి వెళ్తుంది. రైలు దాటేసరికి గ్లాసు అడుగున కరగని పంచదార. మేనత్త చేతిలో నోటు కుక్కి వెళ్ళిపోయినట్టే. బల్ల మీద ఈగలు, నిలబడే తాగాలి."

వంద నోటు పోలిక తీసేశానని గమనించారా? మేనత్త చేతి నోటు వచ్చాక జేబులో నోటుకి పని లేకుండా పోయింది. గోదావరి ఎర్రనీళ్ళూ పోయాయి, చదివేవాడు హైదరాబాదు వాడు కాబట్టి. బాధేసింది. తీసేసినవి వేరే కాగితం మీద దాచుకోండి, మీ ఊరివాళ్ళకి రాసేటప్పుడు పనికొస్తాయి.

ఇది రాసి, మర్నాడు పొద్దున్నే ఆ స్నేహితుడికి ఫోన్లో పంపాను. చదివినట్టు గుర్తు పడింది. పావుగంట జవాబు లేదు. తర్వాత వచ్చింది:

"అల్లం కడిగి దంచుతడా, అట్లనే దంచుతడా?"

నేను జవాబు టైపు చేస్తుండగానే ఇంకొకటి: "శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి రెండు టికెట్లు చూడు."